క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు

రంగమ్మ, సైదమ్మ ఒకే పొదుపు సంఘంలో ఉన్నారు. సంఘం డబ్బు కట్టడానికి ఇద్దరూ టౌనుకు వెళ్ళారు. బ్యాంకుకు తాళం వేసి ఉంది.

"ఇవాళ డిసెంబరు 25 కదమ్మా! క్రిస్మస్ సెలవు" అన్నాడు టీ కొట్టతను.

ఇద్దరికీ ఒక రోజు కూలి పోయింది. బస్సు చార్జీలు దండగ అయ్యాయి.

"ఇంట్లో గోడకు క్యాలెండర్ ఉంది వదినా! చదవడం వచ్చి కూడా చూసుకోలేదు" అంది సైదమ్మ.

క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు సెలవు రోజులు. ఆదివారాలు, పండుగలు ఎర్రగా వేస్తారు. బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం కూడా సెలవే. 2015 నుంచి ఈ పద్ధతి ఉంది. కొన్ని క్యాలెండర్లలో ఈ శనివారాలు ఎర్రగా ఉండవు. మనమే లెక్క పెట్టుకోవాలి.

తేదీ మారని సెలవులు

క్రిస్మస్ ఏసుక్రీస్తు పుట్టిన పండుగ. ఏటా డిసెంబరు 25నే వస్తుంది. మెదక్‌లోని పెద్ద చర్చిని 1924లో క్రిస్మస్ నాడే ప్రారంభించారు. వందేళ్ళు దాటినా పండుగ తేదీ అదే.

మన దేశానికి మూడు జాతీయ సెలవులు ఉన్నాయి. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. 1869 అక్టోబరు 2న గాంధీజీ పుట్టారు. ఈ మూడు రోజులూ దేశమంతా సెలవు.

తేదీ మారే సెలవులు

ఉగాది, దసరా, దీపావళి చంద్రుణ్ణి బట్టి వస్తాయి. రంజాన్ కూడా అంతే. చంద్రుడి లెక్కలో ఏడాదికి 354 రోజులే. అందుకే రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. మరి ఉగాది అలా ఎందుకు జరిగిపోదు? సుమారు మూడేళ్ళకు ఒకసారి అధిక మాసం కలుపుతారు. దాంతో లెక్క సరిపోతుంది.

గుడ్ ఫ్రైడే ఎప్పుడూ శుక్రవారమే. తేదీ మాత్రం మారుతుంది.

రాష్ట్రానికో సెలవు

కొన్ని సెలవులు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. ఓణం కేరళ పండుగ. బతుకమ్మ తెలంగాణ పండుగ. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. అక్కడ ఆ రోజు పండుగలా చేస్తారు. పనికోసం వేరే రాష్ట్రం వెళ్ళినవారు అక్కడి సెలవులు తెలుసుకోవాలి.

సెలవు, కూలి

సెలవు ఆఫీసు వాళ్ళకేనా? కాదు. ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసే వారికీ హక్కు ఉంది. 1974లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి చట్టం చేశారు. జాతీయ సెలవులకు, కొన్ని పండుగలకు జీతంతో సెలవు ఇవ్వాలి. ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి. లేదా ఆ రోజు కూలి ఇచ్చి, మరో రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. ఇవ్వకపోతే నలుగురూ కలిసి యజమానిని అడగాలి. లేబర్ ఆఫీసులో చెప్పాలి.

చేయండి

1. మీ ఇంటి క్యాలెండర్ తీయండి. ఈ నెలలో ఎర్ర అంకెలు ఎన్ని?
2. రెండో శనివారం, నాలుగో శనివారం ఏ తేదీల్లో వచ్చాయి? వాటి చుట్టూ సున్నా చుట్టండి.
3. పోయిన ఆగస్టు 15న మీరు పనికి వెళ్ళారా? ఎంత కూలి ఇచ్చారు? సంఘంలో మాట్లాడండి.