కింద నుంచి చూస్తే సర్ఫర్ ఎలా కనిపిస్తాడు?

2015 జులై 19, దక్షిణాఫ్రికాలోని జెఫ్రీస్ బే. సర్ఫింగ్ ఫైనల్ లైవ్‌లో వస్తోంది. అల కోసం కాచుకున్న ఆస్ట్రేలియా సర్ఫర్ మిక్ ఫానింగ్ వెనకాల ఒక్కసారిగా సొరచేప రెక్క లేచింది. బోర్డుని కాలికి కట్టే తాడు దానికి చిక్కుకుంది. ఫానింగ్ పిడికిలితో గుద్దాడు, అరిచాడు, ఈదాడు. అవతలి ఫైనలిస్టు జూలియన్ విల్సన్ ఒడ్డుకి పారిపోకుండా అతని వైపే వచ్చాడు. నాకైతే అసలు విశేషం ఇదే! ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు.

మరి సొర ఎందుకొస్తుంది? మనిషి మాంసం కోసమని సినిమాలు చెప్తాయి. ఆస్ట్రేలియాలోని మెక్వారీ యూనివర్సిటీ పరిశోధకులు నీళ్ళ కింద నుంచి పైకి వీడియోలు తీసి, వాటిని పిల్ల తెల్లసొర కంటిచూపుకి తగ్గట్టు మార్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితం: రంగుల్లేవు, వివరాల్లేవు, కదిలే మసక నీడ మాత్రమే. బోర్డు మీద చేతులాడించే మనిషినీ సీల్‌నీ విడదీయడం దానికి కష్టం. మన భాషలో తక్కువ రిజల్యూషన్ సెన్సర్ అన్నమాట. అయితే అంతా పొరపాటేనని అందరూ ఒప్పుకోరు. చేతుల్లేని జంతువు తెలియని వస్తువుని నోటితోనే పరీక్షిస్తుందని కొందరి వాదన. ఆ పరీక్షకే మన ప్రాణం పోవచ్చు, అది వేరే సంగతి.

హవాయిలో బెథనీ హామిల్టన్ 2003లో, 13 ఏళ్ళ వయసులో, టైగర్ షార్క్ దాడిలో ఎడమ చెయ్యి పోగొట్టుకుంది. నెల తిరక్కుండానే మళ్ళీ బోర్డెక్కింది. ఫానింగ్ 2016లో అదే జెఫ్రీస్ బేకి వెళ్ళి, అదే పోటీ గెలిచాడు.