సరుకు ఎవరిది? నష్టం ఎవరిది?
బేరసారాలలో వినిపించే కొన్ని చట్ట పదాలు – వాటి అర్థాలు

బేరం కుదిరే రోజు ఒకటి, కాటా వేసే రోజు మరొకటి, సొమ్ము ముట్టే రోజు ఇంకొకటి. ఈ నడుమ సరుకు తడిసినా, కాలినా నష్టం ఎవరు భరించాలనే తగాదా వస్తుంది. సరుకు ఎవరి వద్ద ఉంటే నష్టం వారిదేనని కొందరు, సొమ్ము ముట్టేవరకు అమ్మినవారిదేనని మరికొందరు అంటారు. చట్టం ఈ రెండింటినీ ప్రమాణంగా తీసుకోదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, ఉభయులూ వేరుగా అనుకొనకపోతే, యాజమాన్యం ఎవరిదో నష్టం వారిది. కనుక యాజమాన్యం ఎప్పుడు చేతులు మారుతుందో రైతులు, వర్తకులు తెలిసికొనడం అవసరం.

విక్రయం – విక్రయ ఒడంబడిక: యాజమాన్యం వెంటనే కొనుగోలుదారుకు మారితే అది విక్రయం. ఇకముందు మారడానికిగాని, ఏదైనా షరతు తీరిన పిమ్మట మారడానికిగాని ఒప్పుకుంటే అది విక్రయ ఒడంబడిక మాత్రమే. గడువు వచ్చి, షరతు తీరినప్పుడు ఒడంబడికే విక్రయమవుతుంది.

నిర్దిష్ట సరుకు: బేరంనాడే ఫలానాదని గుర్తించిన సరుకు. శీతల గిడ్డంగిలో తూచి, మార్కు వేసి ఉంచిన 100 టిక్కీల మిర్చిని చూపి, షరతులేవీ లేకుండా మొత్తానికి ధర తెంపుకుంటే యాజమాన్యం అప్పుడే మారుతుంది. సొమ్ము, స్వాధీనం వారం తర్వాత అనుకున్నా ఇదే సూత్రం. ఆ రాత్రి అగ్నిప్రమాదం జరిగితే నష్టం కొన్నవారిదే, ధరా చెల్లించవలసిందే.

అనిర్దిష్ట సరుకు: 500 టిక్కీల నిల్వలో ఏవో 100 అమ్మినట్లు చీటీ రాస్తే చాలదు. ఆ 100 ఏవో తేలేవరకు యాజమాన్యం మారదని 18వ సెక్షన్ చెబుతుంది. ఈలోగా నిల్వ కాలిపోతే నష్టం అమ్మినవారిది.

కాటా: చిక్కంతా ఇక్కడే. కల్లంలో ధాన్యపు రాశి చూపి క్వింటాలుకు ఇంత అని ధర కుదుర్చుకున్నారనుకుందాం. మొత్తం సొమ్ము ఎంతో కాటా వేస్తేగాని తేలదు. తూచవలసిన బాధ్యత అమ్మేవారిదైతే, తూకం పూర్తయి ఆ సంగతి కొనేవారికి తెలిసేవరకు యాజమాన్యం మారదు. ఇది 22వ సెక్షన్. తెల్లవారితే కాటా అనగా రాత్రి వాన కురిస్తే తడిసిన ధాన్యం రైతుదే. అయితే ఈ సెక్షన్ అమ్మేవారు తూచే సందర్భానికే చెందినది. కొనేవారి మనుషులే వచ్చి తూచే ఏర్పాటు ఉంటే ఈ సూత్రం దానంతటది వర్తించదు. కాటా ఎవరు, ఏ రోజు వేయాలో చీటీలో రాసుకొనడం అందుకే ముఖ్యం.

జాప్యం: ఒకరి తప్పువల్ల సరుకు అప్పగింత ఆలస్యమై, ఆ ఆలస్యం లేకపోతే జరిగి ఉండేది కాదనదగిన నష్టం వస్తే, దానిని తప్పు చేసినవారే భరించాలి. రమ్మన్న రోజున లారీ పంపని వర్తకుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లీను: యాజమాన్యం మారినా, సొమ్ము ముట్టలేదని సరుకును తనవద్దే నిలిపి ఉంచుకునే హక్కు. అరువు మాట లేకుండా అమ్మినప్పుడు, అరువు గడువు దాటినప్పుడు, కొన్నవారు దివాలా స్థితిలో ఉన్నప్పుడు ఇది లభిస్తుంది. ఏ హక్కూ మిగుల్చుకోకుండా సరుకును లారీకెక్కించి కొన్నవారికి పంపితే లీను పోతుంది. ఆ తరువాత, కొన్నవారు దివాలా తీసిన పక్షంలో మాత్రమే సరుకును దారిలో ఆపించి వెనక్కు తీసుకునే హక్కు ఉంటుంది. సరుకు వారికి చేరితే అదీ ఉండదు. మిగిలేది బాకీ దావా ఒక్కటే.

ఈ సూత్రాలలో చాలావరకు ఉభయుల ఒప్పందంతో, వ్యాపార ఆచారంతో మార్చుకొనదగినవే. అందువల్ల చీటీలో ధరతోపాటు నాలుగు సంగతులు ఉండాలి: ఏ సరుకు, కాటా ఎవరిది, యాజమాన్యం ఎప్పుడు మారుతుంది, అంతవరకు నష్టం ఎవరిది. కాటాకు ముందు రాసుకున్న ఒక్క వాక్యం, వాన వెలిసిన తరువాత పెట్టుకునే పంచాయితీకంటే మేలు.