దాన పాఠం: చందా డబ్బా పట్టుకునే ముందు





లుంబినీ యాత్ర దగ్గర పడితే మన విహారాల్లో ఓ మాట వినబడుతుంది. "ఎలాగూ నేపాల్ పోతున్నాం కదా, ఖాట్మండులో అనాథాశ్రమానికి తలా కొంత వేసుకుని తీసుకెళ్దాం" అని. మంచి మాటే. జేతవనాన్ని కొని సంఘానికి ఇచ్చిన సుదత్తుణ్ణి లోకం అనాథపిండికుడు అని పిలిచింది. దిక్కులేనివాళ్లకు అన్నం పెట్టేవాడు అని దాని అర్థం. బాబాసాహెబ్ కూడా దీక్ష తీసుకుని నెల దాటగానే, 1956 నవంబరులో, ఖాట్మండు వెళ్లి ప్రపంచ బౌద్ధుల మహాసభలో మాట్లాడారు. ఆ ఊరు మనకు పరాయిది కాదు.

అయితే డబ్బా పట్టుకుని వాడలోకి వెళ్లే ముందు ఒకటి అడగండి. ఆ పిల్లలు నిజంగా అనాథలేనా?

నేపాల్లో 1996 నుంచి 2006 దాకా అంతర్యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల తల్లిదండ్రులు, పిల్లలు బతికి నాలుగు అక్షరాలు నేర్చుకుంటే చాలని వాళ్లను దళారుల చేతిలో పెట్టారు. పైగా దళారులకు డబ్బు కూడా కట్టారు. వాళ్లు పిల్లల్ని ఖాట్మండు తెచ్చి, అమ్మానాన్న చనిపోయారని దొంగ కాగితాలు పుట్టించి ఆశ్రమాల్లో చేర్చారు. యుద్ధం ఆగింది గానీ వ్యాపారం ఆగలేదు. నేపాల్ ఆశ్రమాల్లోని పిల్లల్లో నూటికి 85 మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ చెప్పింది. ఆశ్రమాలు కూడా ఎక్కువగా ఖాట్మండు, పోఖరా, చిత్వన్ లాంటి టూరిస్టులు తిరిగే చోట్లే ఉన్నాయి. పేదరికం కొండల్లో ఉంటే ఆశ్రమాలు హోటళ్ల పక్కన ఎందుకున్నాయో మీరే ఆలోచించండి. 2015 భూకంపం తర్వాతైతే పిల్లల్ని జిల్లా దాటించకుండా ప్రభుత్వమే కట్టడి చేయాల్సి వచ్చింది.

అందరూ అలాంటివాళ్లే అని నేను అనడం లేదు. పిల్లల్ని వెతికి వెతికి మళ్లీ అమ్మ ఒడికి చేర్చే సంస్థలూ అక్కడే ఉన్నాయి. మన చందా చేరాల్సింది వాళ్లకు.

సత్పురుషుడి దానానికి బుద్ధుడు ఐదు గుర్తులు చెప్పాడు. శ్రద్ధతో ఇవ్వడం, గౌరవంగా ఇవ్వడం, తగిన కాలంలో ఇవ్వడం, పిసినారితనం లేకుండా ఇవ్వడం, తనకూ ఇతరులకూ హాని లేకుండా ఇవ్వడం. శ్రద్ధకు మన వాడల్లో కొదవ లేదు. కూలికి పోయొచ్చిన అక్క కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు తీసిస్తుంది. ఆ ఇరవై రూపాయల ఆశతో ఎవడో ఇంకో పిల్లను తల్లి దగ్గర్నుంచి తెస్తే, ఆ ఐదో గుర్తు ఏమైనట్టు?

గౌరవం సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మనలో చాలామంది సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పెరిగినవాళ్లం. నా చిన్నప్పుడు ఓ పెద్దమనిషి అరటిపళ్లు పంచడానికి వచ్చాడు. ఫొటో సరిగ్గా రాలేదని, చేతిలో పెట్టిన పండు వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చాడు. మా అమ్మానాన్న ఇంటి దగ్గర బతికే ఉన్నారు, చేలో పని చేస్తున్నారు. ఆ పూట మాత్రం మేం అనాథలమైపోయాం. ఆ పండు రుచి గుర్తులేదు గానీ ఆ ఫొటో గుర్తుంది. నేపాల్ పిల్లల్ని మీ ముందు వరసలో నిలబెట్టి పాట పాడించబోతే వద్దనండి. ఫోను జేబులోనే ఉంచండి.

ముందుగా ఆ సంస్థకు ఉత్తరం రాయండి, ఫోను చెయ్యండి. స్థానిక ప్రభుత్వం దగ్గర రిజిస్టరైందా? ఎంతమంది పిల్లలకు తల్లిదండ్రులున్నారు? పోయిన ఏడాది ఎందర్ని ఇంటికి పంపారు? లెక్కలు ఎవరు చూస్తారు? సరైన చోటైతే ఇవి వాళ్లే చెప్తారు. "మీరు వచ్చి పిల్లలతో గడపండి, అన్నీ తెలుస్తాయి" అని మాట దాటేస్తే అక్కడితో ఆపండి. దారిన పోయే ఎవరైనా నేరుగా లోపలికెళ్లి పిల్లల్ని ఎత్తుకోనిచ్చే చోటు పిల్లలకు మంచిది కాదు.

పాతబట్టల మూటలు మొయ్యకండి. మన రూపాయి అక్కడ ఒక రూపాయి అరవై పైసలు. పదివేలు పట్టుకెళ్తే పదహారువేలవుతాయి. వాళ్లడిగిన స్వెటర్లో పుస్తకాలో అక్కడి కొట్లోనే కొంటే ఆ ఊరి దుకాణదారుకీ నాలుగు డబ్బులు దొరుకుతాయి. ఏ నోట్లు, ఎంతవరకు తీసుకెళ్లనిస్తారో బయల్దేరే వారం ముందు బ్యాంకులో అడగండి. ఈ నిబంధనలు మారుతుంటాయి.

వసూలు చేసేటప్పుడు ఇద్దరు వెళ్లండి, ఒకరు ఆడమనిషైతే మేలు. పది రూపాయలకైనా రసీదు ఇవ్వండి. మీ బస్సు ఖర్చు, టీ ఖర్చు ఇందులోంచి తియ్యకండి. తిరిగొచ్చాక వచ్చే పౌర్ణమి వందనం రోజున లెక్క చదివి, బిల్లులు విహారం గోడకు అంటించండి. సంస్థ సరైంది కాదని తేలి డబ్బు మిగిలిపోయిందా? మీ ఇష్టానికి ఇంకో చోట ఇచ్చేయకండి. ఇచ్చినవాళ్లనే కూర్చోబెట్టి, "అక్కా, ఇదీ సంగతి, ఏం చేద్దాం?" అని అడగండి.