నిద్ర – జ్ఞాపకశక్తి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునందును, అశోక్‌నగర్ శిక్షణాలయములందును ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువజనులు పలువురు నిద్ర తగ్గించుకొని చదువుదురు. నిద్రవలన కాలము వ్యర్థమగునని వారి తలంపు. శాస్త్రము చెప్పునది వేరు.

1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్స్, డాలెన్‌బాక్ అను పరిశోధకులు ఇద్దరు విద్యార్థులచే అర్థములేని అక్షర సముదాయములను కంఠస్థము చేయించిరి. నేర్చిన పిదప మేల్కొనియున్నప్పటికంటె నిదురించినప్పుడు మరపు తక్కువయ్యెను.

పగటి అనుభవములు మొదట మెదడులోని హిప్పోక్యాంపస్ అను భాగముపై ఆధారపడి నిలుచును. గాఢనిద్రలో అవి మరల మెదలి, కార్టెక్స్ అను పైపొరలో క్రమముగా స్థిరపడును. నిద్ర చాలనిచో మరునాడు క్రొత్త పాఠమును గ్రహించుటయు కష్టమగును.

కావున పరీక్షకు ముందు రాత్రి పుస్తకము మూయించి బిడ్డలను నిదురింపజేయుట పెద్దల కర్తవ్యము. చదివినది నిలుపుకొనుటకు నిద్రయు చదువులో భాగమే.