లోహశోధిని మొరాయించినప్పుడు

నేలలో పూడిపోయిన ఇనుమునో, రాగినో పైనుంచే పసిగట్టి కూత పెట్టే యంత్రం మెటల్ డిటెక్టర్. దీన్ని లోహశోధిని అని పుస్తకాల్లో రాస్తున్నారు గాని ఆ మాట నోటితో పలికినవాడు నాకింతవరకు తగల్లేదు. కాబట్టి నేనూ డిటెక్టరనే అంటాను. రైల్వే స్టేషన్లోనూ, పెద్ద దేవాలయాల ముందూ దీన్ని దాటుకునే లోపలికి వెళ్తుంటాం. మన పాఠ్యపుస్తకంలో ఫారడే ప్రేరణ సూత్రం చివర దీనికి రెండు పంక్తులు దక్కాయి. అది చెడిపోతే ఏం చెయ్యాలి, బాగుచెయ్యాలా పారెయ్యాలా అన్నది మాత్రం సిలబస్‌లో లేదు. మొన్న వేసవిలో అటువంటిదొకటి మా ఎలక్ట్రానిక్స్ లాబ్‌కి వచ్చింది. దానితో గడిపిన మూడు సాయంత్రాల్లో తెలుసుకున్న సంగతులు సైన్సు చదవని మిత్రులకు కూడా అందేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. కంసాలి త్రాసు అందరూ చూసిందే. రెండు సిబ్బెలూ ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిటారుగా నిలబడుతుంది. ఒకదాంట్లో గురివింద గింజ వేసినా ముల్లు ఒరుగుతుంది. డిటెక్టరు కూడా ఒక త్రాసే. కర్ర చివరి పళ్ళెంలో రెండు తీగచుట్టలుంటాయి. ఒక చుట్టలోకి సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటును పంపుతారు. మేం చూసిన యంత్రంలో అది సుమారు 7 కిలోహెర్ట్‌జ్. దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. రెండో చుట్టను మొదటిదానిమీద కొంతమేర పడేటట్టు, ఒక కచ్చితమైన చోట అమరుస్తారు. అక్కడ ఒకవైపు నుంచి వచ్చే ప్రేరణను మరోవైపుది కొట్టేస్తుంది, రెండో చుట్టలో దాదాపు ఏమీ మిగలదు. అదే ముల్లు నిటారుగా ఉండటం. ఇప్పుడు పళ్ళెం కిందికి లోహం వచ్చిందనుకోండి. ఆ లోహంలో సుడి ప్రవాహాలు బయలుదేరి వాటి క్షేత్రం వేరే పుడుతుంది. తూకం చెడుతుంది. రెండో చుట్టలో పుట్టిన ఆ కొంచెం వోల్టేజిని సర్క్యూట్ పెద్దది చేసి కూతగా వినిపిస్తుంది.

ఈ త్రాసు ఎంత సున్నితమైనదంటే, చుట్టలు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి జరిగినా తూకం పోతుంది. అందుకే కంపెనీవాళ్ళు వాటిని సరిచేసిన మరుక్షణం ఎపాక్సీ పోసి రాయిలా బిగించేస్తారు. ఈ ఎపాక్సీ సంగతి గుర్తుంచుకోండి, మరమ్మతు నిర్ణయమంతా చివరికి దానిమీదే ఆధారపడింది.

ఇక మా దగ్గరికి వచ్చిన యంత్రం మాట. దాన్ని తెచ్చినాయన నీళ్ళ పైపుల ఫిట్టరు. వీధి వీధికీ నీళ్ళు వదిలే, కట్టేసే స్లూయిస్ వాల్వులు రోడ్డు కింద ఉంటాయి, వాటిమీద ఇనప మూతలుంటాయి. రోడ్డు వేసిన ప్రతిసారీ తారు మీద తారు పడి మూత జానెడు లోతుకు దిగిపోతుంది. పాత ఫిట్టర్లు ఫలానా వేపచెట్టుకు ఆరడుగులు, ఫలానా ఇంటి అరుగుకు తొమ్మిదడుగులు అని గుర్తులు పెట్టుకునేవాళ్ళట. ఇప్పుడు చెట్టూ లేదు, అరుగూ లేదు. మిగిలింది ఈ డిటెక్టరే. ఒక వీధిలో పైపు పగిలి వారంగా నీళ్ళు పోతున్నాయి. వాల్వు కడితేగాని పైపు అతకడం కుదరదు, మూత దొరికితేగాని వాల్వు కట్టడం కుదరదు.

"బాబూ, నిన్న మూడు గుంతలు తవ్వించింది. ఒక్కదాంట్లోనూ ఏం లేదు. కూలోళ్ళు నా మొహం చూసి నవ్వుతున్నారు," అన్నాడాయన.

"బాబాయ్, కదిపితే కూస్తోందా, కదపకపోయినా కూస్తోందా?" అని అడిగాను.

వైద్యుడు నాడి చూసినట్టు ఇదే మొదట అడగవలసిన ప్రశ్న. నిలబెట్టి ఉంచినా కూస్తుంటే బయటి విద్యుత్తు అల్లరో, లోపలి సర్క్యూట్ లోపమో అయివుండాలి. ఊపినప్పుడే కూస్తే తీగా, కనెక్టరా, పళ్ళెమా, లేక నేలేనా అని చూడాలి. స్క్రూ డ్రైవర్ ముట్టుకోకుండానే వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది. మనవాళ్ళు చాలామంది యంత్రం రాగానే మూత ఊడదీస్తారు. నా అభిప్రాయంలో అది ఆఖరున చెయ్యాల్సిన పని. ఆయన కాసేపు ఆలోచించి, "ఊపితేనే" అన్నాడు.

అయినా బాటరీ చూడకుండా ముందుకు పోకూడదు. ఎనిమిది పెన్సిల్ సెల్స్ వేసే యంత్రమది. స్విచ్చి కట్టి వోల్టేజి చూస్తే చచ్చిన సెల్ కూడా బతికినట్టే కనిపిస్తుంది, లోడు మీద చూస్తేనే దాని బండారం బయటపడుతుంది. మాకు స్విచ్చి కట్టినప్పుడు 12.1, వేసినప్పుడు 11.7 వోల్టులు వచ్చాయి. ఆ మాత్రం దిగడం సహజమే. కాని ఒక స్ప్రింగుకి నీలిపచ్చ చిలుము పట్టివుంది. ఆల్కలైన్ సెల్స్ కారితే వచ్చేది క్షారం గనుక నిమ్మరసం చుక్క వేసి తుడిచి, తర్వాత స్పిరిట్‌తో శుభ్రం చేసి ఆరబెట్టాం. జబ్బు అలాగే ఉంది.

తర్వాత పరిసరాలు. లాబ్‌లో పరీక్షిస్తే ఏ డిటెక్టరైనా పిచ్చిగానే కూస్తుంది. నేల కాంక్రీటులో ఇనప చువ్వలు, తలమీద ఎల్.ఇ.డి. లైట్ల సర్క్యూట్లు, జేబులో సెల్‌ఫోను, చేతికి వాచీ, చెప్పుల్లో మేకులు. ఇవన్నీ ఉంచుకుని యంత్రాన్ని తిట్టడం న్యాయం కాదు.

ఈ విషయంలో చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో తుపాకీతో కాల్చారు. ఒక గుండు ఒంట్లో ఎక్కడుందో వైద్యులకు అంతుపట్టలేదు. అప్పటికి ఎక్స్‌రేలు లేవు, రోంట్‌జెన్ వాటిని కనిపెట్టింది 1895లో. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ప్రేరణ తూకంతో ఒక సాధనం తయారుచేసి తెచ్చి, జూలై 26న, మళ్ళీ ఆగస్టు 1న అధ్యక్షుడి శరీరం మీద వెతికాడు. గుండు దొరకలేదు. రెండోసారి ఎక్కడపెట్టినా ఏదో ఒక శబ్దం. పడకలో ఉక్కు తీగల పరుపు ఉందని తర్వాత తెలిసింది. అంతకన్నా విచారకరమైన సంగతి ఇంకొకటి. గుండు కుడివైపే ఉందని ప్రధాన వైద్యుడు బ్లిస్ పట్టుబట్టి, ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న అధ్యక్షుడు చనిపోయాక కోసి చూస్తే గుండు వెన్నుకు ఎడమవైపున ఉంది. యంత్రం పనిచేస్తూనే ఉంది, పెట్టిన చోటే తప్పు.

అందుకని మేం డిటెక్టరు పట్టుకుని క్రికెట్ గ్రౌండు మధ్యకి వెళ్ళాం. ఫోన్లూ, తాళంచెవులూ, వాచీలూ ఒక మిత్రుడికిచ్చి దూరంగా కూర్చోబెట్టాం. (ఆ గంటసేపూ అతను మాకన్నా ఎక్కువ కష్టపడ్డాడు, మూడు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి.) పళ్ళెం నడుమెత్తున గాలిలో పట్టుకుంటే నిశ్శబ్దం. అంటే సర్క్యూట్ తనంతట తాను అల్లరి చెయ్యడంలేదు. గాలిలోనే ఊపితే కూత! అంటే నేల తప్పు కూడా కాదు. ఇది చూడటం అవసరం, ఎందుకంటే మన ఎర్రమట్టిలో ఐరన్ ఆక్సైడులు ఎక్కువగా ఉన్నచోట పళ్ళెం ఎత్తి దించితే చాలు, మంచి డిటెక్టరు కూడా కూస్తుంది. దాన్ని గ్రౌండ్ బాలెన్స్ మీట తిప్పి సర్దుకోవాలి, మరమ్మతు అక్కర్లేదు.

ఇక పళ్ళేన్ని ఒక అట్టపెట్టె మీద కదలకుండా ఉంచి, తీగని మాత్రం చివరినుంచి చివరికి జానెడు జానెడుగా వంచుతూ వచ్చాను. పిడి దగ్గర ఏమీ లేదు. కర్ర మధ్యలో ఏమీ లేదు. పళ్ళేనికి మూడు సెంటీమీటర్ల ఇవతల, తీగని కర్రకు బిగించి కట్టిన ప్లాస్టిక్ పట్టీ దగ్గర వంచగానే కూసింది. పది సార్లు వంచితే పది సార్లూ కూసింది.

తీగలో రెండు చుట్టల వైర్లూ ఉంటాయి. ఏది తెగిందో తేల్చాలి. కనెక్టరు ఊడదీసి మల్టీమీటరుతో చూస్తే ఒక చుట్ట 6 ఓములు, వంచినా మారలేదు. రెండోది 60 ఓముల దగ్గర ఉండి, వంచగానే ఒక్క క్షణం తెగిపోయి మళ్ళీ కలుస్తోంది. ఇక్కడ ఒక మాట. మా డిజిటల్ మీటరు అంకెలు మార్చుకునేలోపే ఆ క్షణం దాటిపోతోంది. లాబ్ బీరువాలో మూల పడివున్న ముల్లు మీటరు తీశాకే అది స్పష్టంగా కనబడింది. పాతవని వాటిని వేలం వెయ్యకుండా ఉంచిన మా అటెండరుకి రుణపడి ఉన్నాను.

మీటరు చెప్పింది సరేగాని ఇంకో సాక్షి కూడా కావాలనిపించింది. 7 కిలోహెర్ట్‌జ్ అంటే మన చెవికి వినబడే స్వరమే. పాత రిలే ఒకదాని చుట్టని యాంప్లిఫయర్ మైకు తీగకు కలిపి పళ్ళెం దగ్గర పెడితే, పంపే చుట్ట సన్నగా ఈల వేస్తున్నట్టు వినిపించింది. తీగ ఎంత వంచినా ఆ ఈల చెక్కుచెదరలేదు. కాబట్టి పంపే చుట్ట బాగుంది, అందుకునే చుట్ట వైరే లోపల విరిగింది. ఆసిల్లోస్కోపు లేని చోట ఈ ఉపాయం ఎవరైనా చెయ్యవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న, బాగుచెయ్యాలా వద్దా? ఫిట్టరు బాబాయ్ కనుక్కుంటే కొత్త పళ్ళెం ధర యంత్రం ధరలో మూడో వంతు చెప్పారట, రావడానికి ఇరవై రోజులట. ఇరవై రోజులు ఆ వీధిలో నీళ్ళు పోతూనే ఉండాలి.

నేను రెండు విషయాలు చూశాను. మొదటిది, లోపం ఎపాక్సీకి బయట ఉందా లోపలా? లోపల ఉంటే చెయ్యి పెట్టకూడదు. తవ్వితే చుట్ట కదులుతుంది, తూకం పోతుంది, మళ్ళీ సరిచెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు. మనది మూడు సెంటీమీటర్లు బయట ఉంది. రెండోది నాకు ఎక్కువ ముఖ్యమనిపించింది. బాగుచేసిన యంత్రం రేపు అబద్ధమాడితే నష్టం ఎవరికి, ఎంత? డిటెక్టరు అబద్ధం రెండు రకాలు. లేనిచోట కూయడం ఒకటి, ఉన్నచోట మాట్లాడకపోవడం రెండోది. మొదటిదానికి ఒక గుంత దండగ, అది వెంటనే తెలిసిపోతుంది. రెండోది మాత్రం తెలియదు, నిశ్శబ్దాన్ని మనిషి నమ్మేస్తాడు. వాల్వు మూత విషయంలో ఆ నిశ్శబ్దానికి ఖరీదు మహా అయితే ఒక పూట పని. అదే నేలలో పాతిన మందుపాతరలు వెతికే డిటెక్టరయితే ఖరీదు ఒక కాలో, ప్రాణమో. అక్కడివాళ్ళు బాగున్న యంత్రాన్ని కూడా రోజూ పని మొదలుపెట్టేముందు తెలిసిన లోహపు ముక్కమీద పరీక్షించిగాని అడుగు వెయ్యరు. ఆహారపదార్థాల ఫ్యాక్టరీలలో కూడా ఇనుము, ఇత్తడి, స్టెయిన్‌లెస్ స్టీలు గుళ్ళు పొదిగిన పరీక్ష కడ్డీలను బెల్టుమీద పంపి చూస్తారు. అటువంటి చోటినుంచి వచ్చిన యంత్రమయితే నేను సోల్డరింగ్ ఐరన్ వేడిచేసేవాణ్ణి కాదు, కొత్త పళ్ళెమే వెయ్యమనేవాణ్ణి.

మనది వాల్వు మూత. బాగుచేద్దామనే నిశ్చయించాం.

పని గంటన్నర పట్టింది. విరిగిన చోట తీగ కోసి, లోపలి వైర్ల అతుకులు ఒకేచోట పడకుండా ఒకటి ముందు, ఒకటి వెనక వచ్చేలా సోల్డర్ చేశాం. ఒక్కొక్క అతుకుకీ వేడికి ముడుచుకునే స్లీవు తొడిగాం. పైన ఉండే జాలీ కవచాన్ని మళ్ళీ చుట్టూ కప్పి అతికాం. ఈ కవచాన్ని చాలామంది అలంకారమనుకుని వదిలేస్తారు. అందుకునే చుట్ట వోల్టేజి అత్యల్పం, కవచం లేకపోతే గడ్డి తగిలినా, చెయ్యి తగిలినా కూస్తుంది. ఆఖరున తీగ పళ్ళెం దగ్గర కొంచెం వదులుగా వంపు తిరిగేటట్టు కట్టి, మిగతాది కర్రకు గట్టిగా చుట్టాం. వేలాడే తీగ ఊగినా అదే ఒక లోహపు ముక్కలా కనబడుతుంది.

పరీక్ష కూడా పనిలో భాగమే. ఇప్పటి స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి బిళ్ళ అయస్కాంతానికి అంటుకుంటుంది గనుక ఇనుము కింద లెక్కకు రావచ్చు. అందుకని ఇత్తడి తాళంకప్ప ఒకటి, బాబాయ్ తెచ్చిన పాత వాల్వు మూత ఒకటి పెట్టుకున్నాం. మూతని జానెడు లోతున పాతి, తీగను కావాలని వంచుతూ ఇరవైసార్లు పళ్ళెం తిప్పాం. ఇరవైసార్లూ పలికింది. పక్కన ఖాళీ నేలమీద ఇరవైసార్లు తిప్పితే ఒక్కసారీ పలకలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి అదంతా మళ్ళీ చేశాం. ఆ ప్రయత్నంలోనే ఇంకొకటి బయటపడింది. యంత్రానికి ఇనుమును వదిలెయ్యమనే మీట ఒకటుంది, నాణేలూ నగలూ వెతికేవాళ్ళకోసం పెట్టింది. ఎవరో దాన్ని సగం తిప్పి ఉంచారు. ఇనప మూతలు వెతికేవాడికి అది శత్రువు. దాన్ని అన్ని లోహాలకూ పలికే స్థానంలో పెట్టి పైన టేపు అంటించాం.

కర్రమీద ఒక చీటీ కూడా అంటించాను. అతుకు వేసిన తేదీ, రెండు చుట్టల ఓములు, కింద రెండు వాక్యాలు: ‘పొద్దున్నే పాత మూతమీద ఒకసారి చూసి బయల్దేరాలి. తీగ వంచితే మళ్ళీ కూస్తే అతకవద్దు, పళ్ళెం మార్చాలి.’ రెండోసారి అతకడానికి ఎపాక్సీ బయట మిగిలిన తీగ చాలదు. బాబాయ్ ఆ చీటీ రెండుసార్లు చదివి, పాత మూతని సైకిల్ క్యారియర్‌కి కట్టుకుని వెళ్ళాడు. ఆ వీధి వాల్వు మర్నాడు ఉదయం దొరికింది, తవ్విన మూడు గుంతల్లో రెండోదానికి నాలుగడుగుల అవతల.