బుజ్జికి, సెంటినరీ కాలనీ నుంచి



‘కాన్పుకు నెలన్నరే ఉంది, అందరూ చెప్పే ఆ ప్రేమ ఇంకా రాలేదు’ అని నువ్వు రాసింది చదివాక ఈ అమ్మమ్మకు నిద్ర పట్టలేదు. పొద్దున మామయ్య క్వార్టర్ ప్రహరీ మీదికి కోతుల గుంపొచ్చింది. ఒక తల్లి పొట్టను కరుచుకుని నల్లటి కూన. పక్కనే నిండు చూలుతో ఉన్న ఇంకో కోతి. ఆ తల్లికి పేలు చూస్తూ చూస్తూ, మెల్లగా చెయ్యి చాచి కూనను తాకింది.

అది ఉత్త కుతూహలం కాదు బిడ్డా. కోతికి చూలు ఐదున్నర నెలలు. చివరి వారాల్లో ఒంట్లో ఈస్ట్రోజెన్ పెరిగేకొద్దీ ఆడ పందితోక కోతులు పక్కవాళ్ల పిల్లల్ని మరింతగా ముట్టుకుంటాయని 1998లో మెస్ట్రిపియెరి, జెహర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అండాశయాలు తీసేసిన రీసస్ కోతులకు ఆ హార్మోను ఇచ్చినా పిల్లల మీద ఆసక్తి పెరిగింది. మనిషి లెక్క కోతి లెక్కకు అచ్చంగా సరిపోదు. అయినా ఒళ్లు తన పని తాను చేసుకుంటుందని మాత్రం నమ్ము.

కానీ హార్మోను ఒక్కటే చాలదు. అమ్మమ్మ భయమంతా ఇక్కడే. అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో ఆడ కోతిపిల్లల్ని తల్లి లేకుండా, తోటి కోతులు లేకుండా పెంచాడు. అవి పెద్దయి పిల్లల్ని కన్నాయి. వాటికీ చూలు నిండింది, పాలు పడ్డాయి. అయినా చాలా కోతులు తొలి బిడ్డను పట్టించుకోలేదు, కొన్ని కొట్టాయి కూడా. చిన్నప్పుడు తోటి పిల్లలతో ఆడినవి నయమనిపించాయి. రెండో కాన్పుకు చాలా తల్లులు కుదుటపడ్డాయి. పిల్లను పట్టుకోవడం గుంపులో చూసి, చేసి నేర్చుకునేది.

అందుకే పన్నెండో అంతస్తులో తలుపేసుకుని కూర్చోకు. పక్కింటి పసిపిల్లను అడిగి ఎత్తుకో. మీ అక్క కూతురికి స్నానం చేయించు. ఈ మాట పదిసార్లు రాసినా అమ్మమ్మకు తనివి తీరదు.

మీ అమ్మ గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్‌లో పుట్టింది. తాత మూడో షిఫ్టులో బొగ్గు బాయిలో ఉన్నాడు. చేతికిచ్చిన బిడ్డను చూస్తే ఎవరి పిల్లో అనిపించింది మీ అమ్మమ్మకు. బళ్లో జీవశాస్త్రం చెప్పే మనిషే ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చింది. పక్క క్వార్టర్ వదిన రోజూ వచ్చి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేది. ఎనిమిదో రోజున చెంబు అమ్మమ్మ చేతికిచ్చి, ‘నువ్వు పొయ్యి’ అంది. ఇరవై ఒకటో రోజుకు మీ అమ్మను ఇంకొకరి చేతికివ్వాలంటే మనసొప్పలేదు.

కాన్పయ్యాక రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే దాచకుండా డాక్టరమ్మకు చెప్పు. అది నీ తప్పు కాదు తల్లీ.

ఇక్కడికి ప్రయాణం చెయ్యొచ్చో లేదో ఇప్పుడే డాక్టరమ్మను అడుగు. సరే అంటే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు, తాత రామగుండం స్టేషన్‌లో ఉంటాడు. వద్దంటే సోమవారానికల్లా అమ్మమ్మే సంచి సర్దుకుని వస్తుంది.