దిద్దేవాళ్లు లేకున్నా దిద్దుకోగల లెక్క

ఫిజికల్ సైన్స్ పేపర్లో, రాసిన జవాబు తప్పో ఒప్పో అక్కడికక్కడే తేల్చుకోగల ప్రశ్నలు కొన్నే ఉంటాయి. సమీకరణాన్ని తుల్యం చేయమనేది వాటిలో మొదటిది. దానికి కీ అక్కర్లేదు, గైడు అక్కర్లేదు, సార్‌ను అడగనక్కర్లేదు. బాణం గుర్తుకు ఎడమ పక్కన ఏ మూలకం పరమాణువులు ఎన్ని ఉన్నాయో కుడి పక్కనా అన్నే ఉంటే ఒప్పు. లేకుంటే తప్పు.

ఈ సంగతి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు పనిగట్టుకుని చెప్పాలి. ఎన్నో ఇళ్లలో నాన్న దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. అమ్మ చాట ముందేసుకుని బీడీలు చుడుతుంటుంది. సిరిసిల్ల నేత వాడల్లో అయితే పక్కనే సాంచాల మోత. రాత్రి తొమ్మిదింటికి నోటు పుస్తకం పట్టుకుని ‘ఇది సరిగ్గా చేసిన్నా?’ అని అడిగితే చూసి చెప్పేవాళ్లు దొరకరు. అయినా ఈ ప్రాంతపు పిల్లల సత్తా మీద ఎవరికీ అనుమానం ఉండాల్సిన పనిలేదు. 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన జగిత్యాల జిల్లా 2018లోనూ, 2019లోనూ పదో తరగతి ఉత్తీర్ణతలో రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కావలసింది తన పనిని తానే సరిచూసుకునే అలవాటు. అది పట్టుబడటానికి రసాయన సమీకరణాలను మించిన సాధన నాకు కనిపించలేదు.

మొదట ఒక్క నియమాన్ని గట్టిగా పట్టుకోండి. చర్యకు ముందు ఎంత ద్రవ్యం ఉందో చర్య తర్వాతా అంతే ఉంటుంది. ఫ్రాన్స్‌లో లెవోయిజర్ త్రాసు దగ్గర పెట్టుకుని, పదార్థాలను తూచి తూచి చూసి, 1789లో అచ్చయిన తన పుస్తకంలో ఈ విషయాన్ని స్పష్టంగా రాశాడు. మనం చేసే తుల్యం అంతా దాని మీదే నిలబడింది. పరమాణువు మాయం కాదు, కొత్తగా పుట్టదు. చేతులు మారుతుందంతే.

ఇక ఎక్కువమంది పొరపడే చోటికి వద్దాం. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే చర్యే తీసుకోండి. ఎడమ పక్కన ఆక్సిజన్ పరమాణువులు రెండు, కుడి పక్కన నీటిలో ఒక్కటే. లెక్క కుదరడం లేదని కొందరు నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద చిన్న రెండు చేర్చేస్తారు. చూడ్డానికి రెండు పక్కలా సరిపోతుంది. కానీ మీరు రాసింది ఇప్పుడు నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్! బట్టను తెల్లబరచడానికి వాడే ద్రావణం అది. గుటక వేస్తే గొంతు కాలుతుంది. ఫార్ములాలో కింద ఉండే చిన్న అంకె ఆ పదార్థం స్వభావం, దాన్ని ముట్టుకునే హక్కు మనకు లేదు. మన చేతిలో ఉన్నది ఫార్ములా ముందు రాసే గుణకం ఒక్కటే. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు. మార్చగలిగింది ఏది, మార్చకూడనిది ఏది అని ముందే తేల్చుకున్న విద్యార్థికి సగం భయం అక్కడే పోతుంది. అందుకే తుల్యం మొదలుపెట్టే ముందు ఫార్ములాలు సరిగ్గా రాశారో లేదో చూసుకోండి. పడుగులో ఒక పోగు తెగితే బట్ట పొడవునా చార పడినట్టు, మొదట్లో ఒక ఫార్ములా తప్పితే కింద రాసిందంతా తప్పే.

ఇప్పుడు పొలం గట్టు మీదికి వెళ్దాం. జగిత్యాల రైతు బిడ్డకు యూరియా బస్తా కొత్త కాదు. 1999లో మూతపడిన రామగుండం ఎరువుల కర్మాగారం స్థానంలో కొత్త ప్లాంటు కట్టారు. అక్కడ 2021లో మళ్లీ యూరియా తయారీ మొదలైంది. లోపల జరిగే చర్యను మాటల్లో చెబితే ఇంతే: రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిసి ఒక యూరియా అణువు, ఒక నీటి అణువు ఇస్తాయి. లెక్కపెట్టండి. నైట్రోజన్ అటు రెండు, ఇటు రెండు. కార్బన్ ఒకటికి ఒకటి. హైడ్రోజన్ ఎడమ పక్కన ఆరు. కుడి పక్కన యూరియాలో నాలుగు, నీటిలో రెండు. ఆక్సిజన్ రెండులో ఒకటి యూరియాకు, ఒకటి నీటికి. ఇక ద్రవ్యరాశితోనూ చూడండి. అమ్మోనియా అణుభారం 17, రెండింటికి 34. కార్బన్ డయాక్సైడ్ 44. మొత్తం 78. అటు యూరియా 60, నీరు 18. అదీ 78! ఆ 60లో నైట్రోజన్ వాటా 28, అంటే వందకు 46 పైచిలుకు. బస్తా మీద 46 శాతం నత్రజని అని అచ్చు వేసేది ఇందుకే. 45 కిలోల బస్తాలో ఇరవై కిలోలకు కాస్త పైన నత్రజని ఉన్నట్టు. ఈ లెక్క మీ నాన్నకో తాతకో చెప్పి చూడండి. పాఠం ఎంత అర్థమైందో చెప్పేటప్పుడే తెలుస్తుంది.

క్రమం మీద కూడా ఒక మాట. చాలామంది కంటికి మొదట కనబడిన ఆక్సిజన్‌తో మొదలుపెట్టి చిక్కుకుపోతారు. ఆక్సిజన్ ఎక్కువ పదార్థాల్లో ఉంటుంది కాబట్టి ఒక చోట కదిపితే ఇంకో చోట చెడుతుంది. రెండు పక్కలా ఒక్కో పదార్థంలోనే ఉన్న మూలకంతో మొదలుపెట్టండి. ఒంటరిగా ఉన్న మూలకాన్ని చివరికి వదిలేయండి. వంటగ్యాస్‌లోని బ్యూటేన్ మండే చర్య దీనికి మంచి అభ్యాసం. బ్యూటేన్‌లో నాలుగు కార్బన్లు, కాబట్టి నాలుగు కార్బన్ డయాక్సైడ్లు. పది హైడ్రోజన్లు, కాబట్టి ఐదు నీటి అణువులు. ఇప్పుడు ఆక్సిజన్ పరమాణువులు పదమూడు కావాలి, అణువులుగా చూస్తే ఆరున్నర. ఈ అర దగ్గర కంగారుపడి మొత్తం కొట్టేసేవాళ్లు ఎందరో! కొట్టేయకండి. అన్నిటినీ రెండుతో గుణించండి. రెండు బ్యూటేన్, పదమూడు ఆక్సిజన్, ఎనిమిది కార్బన్ డయాక్సైడ్, పది నీరు. అర వచ్చిందంటే మీరు దారి తప్పలేదు, ఇంకొక్క అడుగే మిగిలింది.

సల్ఫేటు, నైట్రేటు, హైడ్రాక్సైడు లాంటి గుంపులు రెండు పక్కలా చెక్కుచెదరకుండా ఉంటే వాటిని ముక్కలు చేయకండి, ఒక్కటిగానే లెక్కించండి. సోడియం సల్ఫేటు, బేరియం క్లోరైడు కలిస్తే తెల్లటి బేరియం సల్ఫేటు అవక్షేపంగా దిగుతుంది, సోడియం క్లోరైడు ద్రావణంలో మిగులుతుంది. సల్ఫేటు ఒకటికి ఒకటి. సోడియం క్లోరైడు ముందు రెండు పెడితే పని అయిపోయింది.

చర్యల రకాలకు ఇంత శ్రమ అక్కర్లేదు. పొడిసున్నంలో నీళ్లు పోస్తే కుతకుత ఉడికి వేడెక్కడం రసాయన సంయోగం, ఉష్ణమోచకం కూడా. సున్నపురాయిని కాలిస్తే వియోగం. మైలుతుత్తం నీళ్లలో ఇనుప మేకు వేస్తే మేకు మీద రాగి పూత పడటం స్థానభ్రంశం. ఇందాకటి బేరియం సల్ఫేటు ద్వంద్వ వియోగం. ఒక్కో రకానికి కళ్లతో చూసిన ఉదాహరణ ఒకటి చాలు. కోరుట్ల పిల్లలకు ఇంటి పసుపే ప్రయోగశాల: సున్నం తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. ఆమ్లాలు, క్షారాల పాఠంలో సూచిక గురించి అడిగితే ఇదే రాయండి.

పునశ్చరణ ఎలా చేయాలి? పుస్తకం తెరిచి, చేసి ఉన్న సమీకరణాలను పదిసార్లు చదివితే అన్నీ వచ్చినట్టే అనిపిస్తుంది. అది నమ్మదగిన భావన కాదు. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్నే పరీక్షించారు. ఒక పాఠ్యభాగాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు బాగా ముందున్నారు. మన పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదా! అందుకని మాటల్లో ఉన్న చర్యను మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. పుస్తకం మూసేయండి. ఫార్ములాలు మీరే రాసి, తుల్యం చేసి, కింద ప్రతి మూలకానికీ అటు ఎన్ని, ఇటు ఎన్ని అని చిన్న పట్టిక గీయండి. సరిపోతే తర్వాతిది. సరిపోకపోతే ఏ మూలకం దగ్గర చెడిందో దాన్ని మాత్రం వేరే పేజీలో రాయండి. కొన్నాళ్లకు ఆ పేజీ చూస్తే తప్పులు అన్ని చోట్లా లేవని, రెండు మూడు చోట్లే తిరిగి తిరిగి వస్తున్నాయని మీకే తెలుస్తుంది. ‘నాకు కెమిస్ట్రీ రాదు’ అనే మాట అప్పుడు నిలవదు. ‘నాకు అల్యూమినియం ఫార్ములాలు పొరపడుతున్నాయి’ అనే మాట మిగులుతుంది. దాన్ని ఒక సాయంత్రం కూర్చుని సరిచేసుకోవచ్చు.

పరీక్ష హాలులోనూ ఈ పట్టిక వదలొద్దు, జవాబు పత్రం అంచున పెన్సిల్‌తో గీసుకోండి. ఘన, ద్రవ, వాయు, జలద్రావణ స్థితులు అడిగితే అవి తుల్యం అయ్యాకే రాయండి. ముందే రాస్తే కొట్టివేతలు ఎక్కువవుతాయి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఎర్రగా కాలిన ఇనుము మీదికి నీటి ఆవిరి పంపితే ఐరన్ ఆక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. ఆ ఆక్సైడ్ ఫార్ములాలో మూడు ఇనుము, నాలుగు ఆక్సిజన్ ఉంటాయి. తుల్యం చేయండి. నీటి ముందు నాలుగు, హైడ్రోజన్ ముందు నాలుగు రాకపోతే మీ పట్టికలో ఆక్సిజన్ వరుసను మళ్లీ చూడండి.